వీసీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది: ఏ కుర్చీకి సరేననాలి?

ఆ ఫోన్ ఎక్కువగా సాయంత్రం పూటే వస్తుంది. “సార్, వీసీ గారు ఒకసారి రమ్మంటున్నారు” అని వైస్ చాన్సలర్ పీఏ చెబుతాడు. వెళ్తే కాఫీ తెప్పించి, “ఎగ్జామ్ బ్రాంచ్ చూసుకుంటారా, లేకపోతే కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వెళ్తారా? రేపు ఆర్డర్ ఇచ్చేద్దాం” అంటారు. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పి, స్కాలర్లను ఒడ్డుకు చేర్చిన మనిషికి ఆలోచించుకోవడానికి ఒక్క రాత్రి మిగులుతుంది. ఇంట్లోవాళ్లు గౌరవం అంటారు. డిపార్ట్‌మెంట్‌లో మిత్రులు సీనియారిటీ లెక్కలు చెబుతారు. ఆ పదవిలో రోజు ఎలా గడుస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు.

నేను వృక్షశాస్త్రం చెప్పేవాణ్ని. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చీఫ్ వార్డెన్‌గా, అడిషనల్ కంట్రోలర్‌గా, చివర్లో రిజిస్ట్రార్‌గా పనిచేశాను. ఆ రాత్రి నిద్రపట్టక అటూ ఇటూ తిరుగుతున్న అసోసియేట్ ప్రొఫెసర్లు, ప్రొఫెసర్లు, డిప్యూటీ రిజిస్ట్రార్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ పదవి పెద్దదన్న లెక్క పక్కన పెట్టండి. ఆ కుర్చీ ముందు రోజూ ఎవరొచ్చి నిలబడతారో చూసి ఎంచుకోండి. నా అనుభవంలో మిగతా కొలతలన్నీ దాని తర్వాతే.

## ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, తలుపు దగ్గర ఎవరుంటారు? విద్యార్థులా, ఉద్యోగులా, ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలా, లాయర్లా? మీకు ఎవరితో ఓపిక ఉందో మీకు తెలుసు. ఆ ఓపికే రోజుకు పది గంటలు ఖర్చవుతుంది.

రెండోది సంతకం. కొన్ని పదవుల్లో మీరు సలహా ఇస్తారు, సంతకం ఇంకొకరు పెడతారు. కొన్నింట్లో సలహా ఎవరిదైనా సంతకం మీదే. రిటైరయ్యాక నోటీసులు వచ్చేది సంతకం పెట్టినవాళ్లకే.

మూడోది, మనుషులు, డబ్బు. మీరు చెబితే పనిచేసే సెక్షన్ ఏదైనా ఉందా? మీ స్థాయిలో మంజూరు చేయగల మొత్తం ఎంత? ఈ రెండూ లేని పదవికి బోర్డు ఎంత పెద్దదైనా పని ముందుకు నడవదు.

నాలుగోది, మీ చదువుకు మిగిలే టైమ్. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6 మంది దాకా పీహెచ్‌డీ స్కాలర్లు ఉండొచ్చు. వాళ్లలో ఎంతమంది మూడో ఏడు, నాలుగో ఏడులో ఉన్నారో లెక్కపెట్టుకోండి. మీరు ఫైళ్లలో మునిగిపోతే నష్టపోయేది వాళ్లు.

ఐదోది, ఎలా దిగుతారు, దిగాక ఎటు వెళ్తారు. కొన్ని పదవులకు నిర్ణీత కాలం ఉంటుంది. కొన్ని “తదుపరి ఉత్తర్వుల వరకు” అనే మూడు ముక్కల మీద నడుస్తాయి.

జీతం గురించి ఒక్కమాట. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఏడో వేతన సవరణ ప్రకారం రిజిస్ట్రార్ స్కేలు రూ.1,44,200తో మొదలవుతుంది. ప్రొఫెసర్ స్కేలు మొదలయ్యేదీ అక్కడే. వీసీకి నెలకు రూ.2,10,000 స్థిర వేతనం. అంటే ప్రొఫెసర్‌గా ఉన్నవారికి రిజిస్ట్రార్ కుర్చీ వల్ల జీతంలో పెద్ద తేడా రాదు. డబ్బు కోసం ఈ పదవులు తీసుకోవాలనుకుంటే ఇక్కడే ఆగిపోవచ్చు.

| పదవి | తలుపు దగ్గర ఎవరు | సంతకం భారం | పాఠానికి మిగిలే టైమ్ | ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తారు |
|---|---|---|---|---|
| రిజిస్ట్రార్ | ఉద్యోగులు, పెన్షనర్లు, లాయర్లు | అన్నిటికంటే ఎక్కువ | దాదాపు లేదు | ప్రొఫెసర్లు. కేంద్రీయ సంస్థల్లో డిప్యూటీ రిజిస్ట్రార్లు కూడా |
| పరీక్షల కంట్రోలర్ | విద్యార్థులు, తల్లిదండ్రులు | ఎక్కువ, గడువులతో సహా | పరీక్షల సీజన్లో లేదు | ప్రొఫెసర్లు, అసోసియేట్లు |
| ప్రిన్సిపాల్ | విద్యార్థి సంఘాలు, హాస్టల్ పిల్లలు | మధ్యస్థం | కొంత దొరుకుతుంది | అదే కాలేజీ ప్రొఫెసర్లు |
| రెక్టర్ | వీసీని కలవలేకపోయినవారు | తక్కువ | దొరుకుతుంది | వీసీ నమ్మిన సీనియర్ ప్రొఫెసర్ |
| డీన్, ఐక్యూఏసీ (నాణ్యతను చూసే అంతర్గత విభాగం) డైరెక్టర్ | హెచ్‌ఓడీలు, కాలేజీల ప్రిన్సిపాళ్లు | పదవిని బట్టి | దొరుకుతుంది | ప్రొఫెసర్లు |
| ఫైనాన్స్ ఆఫీసర్ | కాంట్రాక్టర్లు, ఆడిటర్లు | ఎక్కువ | లేదు | ఖజానా, ఆడిట్ శాఖలు. కామర్స్ ప్రొఫెసర్లు |
| వీసీ | అందరూ | ఆఖరి మాట | లేదు | సెర్చ్ కమిటీ ప్యానెల్ |

## రిజిస్ట్రార్: విశ్వవిద్యాలయం పేరుతో నిలబడేవారు

బయటివాళ్లకు వీసీ కనిపిస్తారు. కాగితం మీద విశ్వవిద్యాలయం అంటే రిజిస్ట్రార్. పాలకమండలికి కార్యదర్శి ఆయనే: అజెండా తయారు చేయాలి, మినిట్స్ రాయాలి, ఆ నిర్ణయాల మీద ఉత్తర్వులు ఇవ్వాలి. రికార్డులన్నీ ఆయన అధీనంలో ఉంటాయి. కోర్టులో విశ్వవిద్యాలయం తరఫున కౌంటర్ అఫిడవిట్ మీద సంతకం ఆయనదే.

నేను చేరిన మూడో నెలలో కోర్టు ధిక్కారం నోటీసు వచ్చింది. కేసు వేసిన మనిషి పేరు చూసి కుర్చీలోంచి లేచాను. నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా ల్యాబ్‌లో స్లైడ్లు కడిగి ఆరబెట్టి ఇచ్చిన అటెండర్ గారు ఆయన. రిటైరై ఐదేళ్లయినా సర్వీసు లెక్కలో తేడా వల్ల పెన్షన్ పూర్తిగా తేలలేదు. కోర్టు ఇచ్చిన 8 వారాల గడువు నేను రాకముందే అయిపోయింది. ఫైల్ తెప్పించి చూస్తే ఎర్ర ట్యాగు కట్టి ఉంది. లీగల్ సెక్షన్ “ఫైనాన్స్ అభిప్రాయం కోరవచ్చు” అని రాసింది. ఫైనాన్స్ “లీగల్ అభిప్రాయం జతచేయండి” అని తిప్పి పంపింది. ఈ రెండు వాక్యాల మధ్య ఫైల్ నాలుగుసార్లు తిరిగింది. మొత్తం 11 సంతకాలున్నాయి, ఒక్క నిర్ణయం లేదు. కోర్టులో నిలబడింది నేను. నిలబడటం న్యాయమే, ఆ కుర్చీ నాదే కాబట్టి. ఆయనకు పెన్షన్ ఉత్తర్వు చేతిలో పెట్టిన రోజు, “బాబూ, నువ్వు ఆ రోజుల్లో స్లైడ్లు పగలగొట్టేవాడివి” అన్నారు. ఆ పదవిలో నాకు దక్కిన మంచి రోజుల్లో అది మొదటిది.

ఈ కథ ఎందుకంటే, రిజిస్ట్రార్‌గా మీరు చేసే పనిలో చాలా భాగం మీకంటే ముందువాళ్లు వదిలేసిన పని. కాంట్రాక్టు అధ్యాపకుల రెగ్యులరైజేషన్, టైమ్‌స్కేల్ ఉద్యోగుల కేసులు, రోస్టర్ (రిజర్వేషన్ల వరుస) తగాదాలు, పెండింగ్ పెన్షన్లు మీ పేరు మీదకు వచ్చి చేరతాయి. కొత్తగా ఏదో కట్టాలన్న తపన ఉన్నవారికి ఇది ఉక్కపోతగా ఉంటుంది. చిక్కుముడి విప్పడంలో తృప్తి ఉన్నవారికి ఇంతకు మించిన చోటు లేదు. ఒక్క ఫైల్ కదిలితే ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఈ మాట లెక్క వేసుకునే చెబుతున్నాను.

ఇక్కడ రాష్ట్ర, కేంద్రీయ విశ్వవిద్యాలయాల మధ్య తేడా బాగా చూడాలి. కేంద్రీయ సంస్థల్లో, అంటే హైదరాబాద్‌లోని హెచ్‌సీయూ (హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం), ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మనూ (మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం) వంటి చోట్ల, రిజిస్ట్రార్ పోస్టుకు ప్రకటన ఇచ్చి ఎంపిక చేస్తారు, పదవీకాలం 5 ఏళ్లు. పీజీలో 55 శాతం మార్కులతో పాటు బోధనలో లేదా పరిపాలనలో నిర్ణీత అనుభవం ఉండాలి. పరిపాలన వైపు నుంచి వచ్చేవారికైతే 15 ఏళ్ల అనుభవం, అందులో 8 ఏళ్లు డిప్యూటీ రిజిస్ట్రార్ లేదా ఆ స్థాయిలో చేసి ఉండాలి. అంటే పాఠం చెప్పనివారికి కూడా అక్కడ రాచబాట ఉంది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఈ కుర్చీ చాలావరకు ప్రొఫెసర్లకే పోతుంది. వీసీ మారితే రిజిస్ట్రార్ కూడా మారడం మామూలే.

డిప్యూటీ రిజిస్ట్రార్‌గా ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు సూటిగా చెబుతున్నాను. సొంత రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎదురుచూస్తూ కూర్చోకండి. కేంద్రీయ సంస్థల ప్రకటనలు చూస్తూ ఉండండి. సర్వీసు రూల్స్ మీకు తెలిసినంతగా మాకు తెలియవు. నన్ను ఎన్నోసార్లు గట్టెక్కించింది ఒక డిప్యూటీ రిజిస్ట్రార్ గారి జ్ఞాపకశక్తి.

## పరీక్షల కంట్రోలర్: గడియారంతో బతుకు

ప్రశ్నపత్రాల సెట్టింగ్, మోడరేషన్, ముద్రణ, సెంటర్లు, స్పాట్ వాల్యుయేషన్, ఫలితాలు, రీవాల్యుయేషన్, సప్లిమెంటరీ, మాల్‌ప్రాక్టీస్ కమిటీ, మార్కుల మెమోలు, ప్రొవిజనల్, ఒరిజినల్ డిగ్రీ. ఒకటి పూర్తయ్యేలోపు రెండోది మొదలవుతుంది. సెమిస్టర్ పద్ధతి వచ్చాక పరీక్షలు లేని నెల అంటూ లేదు. అనుబంధ కాలేజీలు ఎన్ని ఎక్కువుంటే పని అన్ని రెట్లు. రెసిడెన్షియల్ క్యాంపస్‌లో కంట్రోలర్‌గిరీకి, వందల డిగ్రీ కాలేజీలున్న చోట కంట్రోలర్‌గిరీకి పోలికే లేదు. ఆర్డర్ తీసుకునే ముందు కాలేజీల సంఖ్య, అభ్యర్థుల సంఖ్య అడగండి.

ఒక జూన్ సాయంత్రం ఏడు దాటింది. నేను మెట్లు దిగుతుంటే ఒక పెద్దాయన, పాతికేళ్ల కుర్రాడు గోడకు ఆనుకుని కూర్చున్నారు. కుర్రాడి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పదో తరగతి మెమో, డిగ్రీ మెమో. డిగ్రీ మెమోలో తండ్రి పేరులో ఒక అక్షరం పోయింది. మర్నాడు ఉద్యోగానికి సర్టిఫికెట్ల వెరిఫికేషన్. అప్పటికి మూడుసార్లు వచ్చారు, మూడుసార్లూ “సెక్షన్లో సార్ లేరు” అన్నారు. వెనక్కి వెళ్లి బీరువా తెరిపించాను. దరఖాస్తు అక్కడే ఉంది, ఫీజు కట్టిన చలాను గుండుసూదితో గుచ్చి ఉంది. దిద్దిన మెమో ముద్రించి, సంతకం చేయించి ఇవ్వడానికి పావుగంట పట్టలేదు. ఆ పావుగంట కోసం వాళ్లు మూడుసార్లు బస్సెక్కారు. పెద్దాయన మెమోను రెండు చేతులతో పట్టుకుని తన పేరు మీద వేలు పెట్టి చదువుకున్నారు.

మర్నాడు సెక్షన్‌లో అడిగితే ఎవరి తప్పూ తేలలేదు. దిద్దుబాటుకు ఎవరి సంతకం చాలో ఎక్కడా రాసి లేదు, అందుకే ఎవరూ పెట్టలేదు. ఒక అట్ట మీద రాయించి గోడకు తగిలించాం: ఏ దిద్దుబాటుకు ఏ కాగితం, ఎవరి సంతకం, ఎన్ని రోజులు. ఒక కంట్రోలర్ చేయగల మంచి ఇలాంటిదే, పెద్దగా పేరు రాదు. పేపర్ లీకైందన్న పుకారు ఒక్కటి చాలు, పేరు మాత్రం మర్నాడు పత్రికలో వస్తుంది. నిజమైన లీకైతే పోలీసు విచారణలో మొదటి ప్రశ్న మీకే.

బీపీ, షుగర్ ఉన్నవారు, రాత్రి ఫోన్ మోగితే టెన్షన్ పడేవారు ఈ పదవికి వద్దనండి, అందులో తప్పులేదు. కంప్యూటర్ వ్యవస్థల మీద పట్టు, కచ్చితత్వం, ఎంత పెద్దవారు ఫోన్ చేసినా “మార్కులు మారవండీ” అనగల గుండె ఉన్నవారికి నేను ముందు సూచించేది ఇదే. వయసు విషయం కూడా ఉంది. నలభైల్లో ఉన్నవారు దీన్ని రిజిస్ట్రార్ కంటే బాగా మోయగలరు.

## ప్రిన్సిపాల్: పిల్లల మధ్య ఉండేవారికి

క్యాంపస్ కాలేజీ ప్రిన్సిపాల్ గదికి తలుపు ఉన్నా మూసే వీలుండదు. మెస్ బిల్లు పెరిగిందని, స్కాలర్‌షిప్ రాలేదని, హాస్టల్‌లో నీళ్లు లేవని, హాస్టల్‌లో పేరు లేకుండా ఉంటున్న నాన్‌బోర్డర్లు ఉన్నారని రోజూ ఎవరో ఒకరు వినతిపత్రంతో వస్తారు. ఒక్కోరోజు మెట్ల మీద ధర్నా. ఫీజు రీయింబర్స్‌మెంట్ సర్కారు నుంచి రావాలి, కానీ టీసీ ఆపింది మీరంటారు. మీ చేతిలో లేని డబ్బుకు మీరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

అయినా ఈ పదవి మీద నాకు ప్రేముంది. పాఠం మానక్కర్లేదు. వారానికి రెండు క్లాసులైనా చెప్పిన ప్రిన్సిపాళ్ల మాట విద్యార్థి సంఘాలు వింటాయి. ఎప్పుడూ క్లాసుకు రానివారి మాట వినవు. చీఫ్ వార్డెన్‌గా నేను నేర్చుకున్నది ఇదొక్కటే: నెలకు నాలుగుసార్లు చెప్పకుండా వెళ్లి మెస్‌లో తినండి. పప్పు నీళ్లగా ఉందో లేదో కమిటీ రిపోర్టు చెప్పదు, కంచం చెబుతుంది.

## రెక్టర్, డీన్లు, ఐక్యూఏసీ

రెక్టర్ పదవి రంగు వీసీని బట్టి మారుతుంది. వీసీ లేనప్పుడు బాధ్యత చూడటం, ఆయన అప్పగించిన పనులు చేయడం. నమ్మి అప్పగించే వీసీ అయితే చాలా చేయొచ్చు, లేకపోతే సభల్లో వేదిక మీద కుర్చీ మాత్రం మిగులుతుంది. రిటైర్‌మెంట్ దగ్గరపడ్డ సీనియర్లకు బాగుంటుంది. పదేళ్ల సర్వీసున్నవారికి నేను సూచించను.

డీన్ అన్న మాట కింద చాలా రకాలున్నాయి, జాగ్రత్త. ఫ్యాకల్టీ డీన్ పని సిలబస్, దాన్ని ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్, పీహెచ్‌డీ వ్యవహారాలు. పరిశోధన మీద ప్రేమ ఉన్నవారికి హాయి. కాలేజీ అభివృద్ధి మండలి డీన్, అంటే అందరూ సీడీసీ డీన్ అనేది, అఫిలియేషన్ల వైపు, అంటే కాలేజీలకు అనుబంధ గుర్తింపు ఇచ్చే పని. ప్రైవేటు కాలేజీల తనిఖీలు, సీట్ల పెంపు, లేని ల్యాబులు, ఒక్కరోజుకు తెచ్చిన అధ్యాపకులు. ఒత్తిడి, ప్రలోభం రెండూ అక్కడే ఎక్కువ. తనిఖీకి వెళ్లినచోట భోజనం కూడా ముట్టని ఒక డీన్ గారిని చూశాను, కారులో టిఫిన్ డబ్బా ఉండేది. అంత కట్టుదిట్టంగా ఉండగలిగితేనే ఒప్పుకోండి.

ఐక్యూఏసీ డైరెక్టర్‌ని చాలామంది చిన్నచూపు చూస్తారు. విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ కోసం కాగితాలు పోగేసే పని అంటారు. నిజమే, ప్రతి డిపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగి వివరాలు అడుక్కోవాలి, ఒక్క ఉద్యోగి మీద కూడా మీకు అజమాయిషీ ఉండదు. కానీ విశ్వవిద్యాలయం మొత్తం ఎలా నడుస్తోందో, ఎక్కడ కుంటుతోందో ఇక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. ముందుముందు పెద్ద బాధ్యత మోయాలనుకునే నలభై ఐదేళ్ల ప్రొఫెసర్‌కి మొదటి మెట్టుగా నేను చెప్పేది దీన్నే. స్కాలర్లూ నష్టపోరు.

ఫైనాన్స్ ఆఫీసర్ గురించి చిన్నగా: లెక్కల మనిషి కానివారు దీని జోలికి వెళ్లొద్దు. ఖజానా, ఆడిట్ శాఖల నుంచి వచ్చినవారికి బిల్లు చూడగానే ఎక్కడ తేడా ఉందో తెలుస్తుంది. ప్రొఫెసర్ ఆ పని నేర్చుకునేలోపు పదవీకాలం అయిపోతుంది, ఆడిట్ అభ్యంతరం మాత్రం పేరు మీద ఉండిపోతుంది.

## వీసీ: ఎక్కడి నుంచి వచ్చారన్నది ఎంత ముఖ్యం?

వీసీ పదవి ఫోన్ మీద రాదు, దరఖాస్తు చేసుకోవాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌గా, లేదా పేరున్న పరిశోధన, విద్యా పరిపాలన సంస్థలో కనీసం 10 ఏళ్ల అనుభవం, విద్యారంగంలో నాయకత్వానికి ఆధారాలు ఉండాలి. సెర్చ్ కమిటీ పేర్ల ప్యానెల్ ఇవ్వాలి. ఇది లాంఛనం కాదని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో చూపించింది: ప్యానెల్ బదులు ఒక్క పేరే పంపారని కేరళ సాంకేతిక విశ్వవిద్యాలయం వీసీ నియామకాన్ని కొట్టేసింది. మన దగ్గర 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టంలో వీసీ పదవీకాలం 3 ఏళ్లు, కేంద్రీయ సంస్థల్లో 5 ఏళ్లు. మూడేళ్లలో మొదటి ఏడు అర్థం చేసుకోవడానికి, చివరి ఏడు తర్వాత ఎవరన్న చర్చకు పోతాయి. మిగిలేది ఒక్క ఏడు. దరఖాస్తు పెట్టే ముందు ఆ ఒక్క ఏడులో ఏం చేస్తారో కాగితం మీద రాసుకోండి.

నేపథ్యం విషయానికొస్తే మన చరిత్రలోనే అన్ని రకాలూ ఉన్నాయి.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి గారు. కవి, విమర్శకుడు, మైసూరు సంస్థానంలో విద్యాశాఖ చూసిన అనుభవం, రాజకీయం కూడా తెలిసినవారు. సత్యాగ్రహుల మీద ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో పదవి వదిలేశారు. 1936లో తిరిగొచ్చి 1949 దాకా నడిపారు. మధ్యలో 1931 నుంచి 1936 దాకా తత్వవేత్త సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఆయన బలం మనుషుల్ని వెతికి తేవడంలో కనిపిస్తుంది: ఆ రోజుల్లో వాల్తేరులో హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ, రసాయనశాస్త్రంలో టి.ఆర్.శేషాద్రి పాఠాలు చెప్పారు. మంచి విద్వాంసుడు వీసీ అయితే లాభం అక్కడ: ఎవరు నిజమైన పండితులో ఆయనకు తెలుసు.

శాస్త్రవేత్తల దారికి సూరి భగవంతం గారు ఉదాహరణ. భౌతికశాస్త్రవేత్త, 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా వీసీ, తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టర్, ఆపైన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. విద్యాశాఖ నుంచి వచ్చిన దారికి లంకపల్లి బుల్లయ్య గారు. 1968 నుంచి 1974 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నడిపిన దళిత వీసీ. ఇక పరిపాలన శాస్త్రమే చదివి, దాన్నే చేసి చూపిన జి.రాంరెడ్డి గారు: 1977లో ఉస్మానియా వీసీ, 1982లో హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయానికి వ్యవస్థాపక వీసీ, 1985లో ఇగ్నోకు మొదటి వీసీ, తర్వాత యూజీసీ చైర్మన్. ఈ కాలంలో నల్లగొండ జిల్లా నుంచి వెళ్లి ఢిల్లీ ఐఐటీలో ప్రొఫెసరై, జేఎన్‌యూ వీసీగా, 2022లో యూజీసీ చైర్మన్‌గా వచ్చిన మామిడాల జగదీశ్ కుమార్ గారిదీ బోధన నుంచి మొదలైన దారే.

ఐఏఎస్‌ల సంగతి వేరు. 2024 మేలో తెలంగాణలో 10 విశ్వవిద్యాలయాల వీసీల పదవీకాలం ఒకేసారి ముగిస్తే, అక్టోబరులో కొత్త నియామకాలు జరిగేదాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జి వీసీలుగా ఉన్నారు. సచివాలయంలో ఫైల్ కదిలించడం వాళ్లకు తెలుసు, నిధుల మాట త్వరగా తేలుతుంది. కానీ సొంత శాఖ పని ఉండగా ఇది అదనపు బాధ్యత. బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఆలస్యమైతే ఏం పోతుందో, గైడ్ లేని స్కాలర్ ఏమవుతాడో క్యాంపస్‌లో బతికినవారికే తెలుస్తుంది. 2025 జనవరిలో యూజీసీ ముసాయిదా పరిశ్రమ, ప్రజా పరిపాలన రంగాల వారికీ వీసీ తలుపు తెరవాలని ప్రతిపాదించింది. నా మట్టుకు నేను ప్రొఫెసర్ల వైపే ఉంటాను, ఒక షరతుతో: ఎగ్జామ్ బ్రాంచో, హాస్టలో, రిజిస్ట్రార్ ఆఫీసో, కింద ఒక్కచోటైనా పనిచేసిన ప్రొఫెసరై ఉండాలి. డిపార్ట్‌మెంట్ నుంచి నేరుగా వీసీ గదిలోకి వెళ్లినవారికి ఫైల్ ఎక్కడ ఆగుతుందో తెలియడానికే ఏడాది పడుతుంది.

ఉస్మానియా వీసీ డి.ఎస్.రెడ్డి గారి కేసు కూడా చదవండి. 1966లో ప్రభుత్వం చట్టాన్ని సవరించి, పదవిలో ఉన్న వీసీని తప్పించే సెక్షన్ తెచ్చింది. 1967లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ ఒక్క మనిషిని గురిపెట్టిందని, సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టేసింది. ప్రభుత్వానికీ వీసీకీ మధ్య గీత ఎక్కడుండాలో మన నేల మీదే తేలిన కేసది.

## మీ పరిస్థితిని బట్టి

ముగ్గురు స్కాలర్లు థీసిస్ రాస్తున్న దశలో ఉంటే ఫ్యాకల్టీ డీన్, ఐక్యూఏసీ, మహా అయితే ప్రిన్సిపాల్. రిజిస్ట్రార్, కంట్రోలర్ వద్దు. ఏడాది తర్వాత మళ్లీ అడగమని వీసీ గారికి మర్యాదగా చెప్పండి. నిజమైన కారణం చెబితే ఎవరూ తప్పుపట్టరు.

మహిళా ప్రొఫెసర్లకు ఒకమాట. “మేడమ్‌కు గర్ల్స్ హాస్టల్, మహిళా సెల్ ఇద్దాం” అని అక్కడికే పరిమితం చేసే అలవాటు చాలా చోట్ల ఉంది. అవి అవసరమైన పనులే, కానీ వాటితోనే సర్వీసు ముగిసిపోతే పెద్ద పదవుల లెక్కలో పరిపాలన అనుభవం లేదంటారు. కంట్రోలర్, రిజిస్ట్రార్ పదవులు అడిగి తీసుకోండి.

రెండేళ్ల సర్వీసు మిగిలినవారు సంతకం భారం ఎక్కువున్న పదవి తీసుకుంటే, దిగేనాటికి ఒక్క విచారణ కూడా పెండింగ్ లేకుండా చూసుకోవాలి. లేకపోతే మీ పెన్షనే ఆగుతుంది. తెలంగాణలో 2025లో విశ్వవిద్యాలయ అధ్యాపకుల పదవీ విరమణ వయసు 60 నుంచి 65కి పెరిగింది కాబట్టి అక్కడివారికి ఈ లెక్క మారింది. తొందరపడి మొదటి ఆర్డర్ పట్టుకోవాల్సిన పనిలేదు.

ఇక ఒప్పుకున్నారనుకుందాం. ఆర్డర్‌లో పూర్తి బాధ్యతా, అదనపు బాధ్యతా, ఎంతకాలం అన్నవి చదవండి. తర్వాత చార్జి తీసుకునే రోజు తొందరపడకండి. దండలు, ఫొటోలు సాయంత్రానికి పెట్టుకోవచ్చు. ముందు పాత అధికారితో కూర్చుని మూడు జాబితాలు రాయించి, ఇద్దరూ సంతకాలు పెట్టండి: గడువు నడుస్తున్న కోర్టు కేసులు, జవాబు ఇవ్వాల్సిన ఆడిట్ అభ్యంతరాలు, నెల దాటినా కదలని ఫైళ్లు. నేను మొదటి రెండే తీసుకున్నాను. ల్యాబ్ అటెండర్ గారి ఫైల్ మూడో జాబితాలో ఉండాల్సింది.